ఇటుకబట్టీల యొద్ద బడులు

మారాము చేయు బిడ్డను ఊరకుండజేయుటకు మన తల్లులు వాడు మాట యొకటి గలదు. "అదుగో, పోలీసు!" అందురు. బిడ్డ కొంగు చాటున దాగును. ఈ భయము ఊరక పుట్టినది కాదు. బ్రిటిషు ఇండియాలో అధిక భాగమునకు వర్తించిన పోలీసు చట్టము 1861 నాటిది. సిపాయిల తిరుగుబాటు నణచిన పిమ్మట ప్రజలను అదుపులో నుంచుటకై పాలకులు దాని నేర్పరచిరే గాని చెలిమి కొఱకు గాదు. ఇట్లు పెరిగిన దూరము దయాకార్యములచే తగ్గునా యను ప్రశ్నకు మన తెలంగాణములోనే యొక సమాధానము గలదు. దానిని గూర్చి మా చదువరులకు కొంత వివరింప దలచితిమి.

తప్పిపోయిన బాలబాలికలను వెదకి యిల్లు చేర్చు ప్రయత్నము 2014లో ఉత్తరప్రదేశమునందలి గాజియాబాదు పోలీసువారిచే నారంభమాయెను. మరుసటి యేట, అనగా 2015 జనవరిలో, కేంద్ర హోంశాఖ దానిని దేశమంతటికి వ్యాపింపజేసెను. జనవరిలో జరుగు దానికి 'ఆపరేషన్ స్మైల్' అనియు, జూలైలో జరుగు దానికి 'ఆపరేషన్ ముస్కాన్' అనియు పేర్లు. రెండు భాషలలోను అర్థము చిరునవ్వే. ఆ జనవరిలోనే హైదరాబాదు పాతబస్తీలోని గాజుల కార్ఖానాలలో పనిచేయుచున్న రెండు వందలకు పైగా బాలురను పోలీసువారు విడిపించిరి. వారిలో పెక్కురు బీహారు దేశపు పిల్లలు.

ఇట్లు దొరికిన బిడ్డను ఇరువదినాలుగు గంటలలోపల బాలల సంక్షేమ సమితి యెదుట నుంచవలెనని 2015 నాటి బాలల న్యాయచట్టము చెప్పుచున్నది. పిల్లలతో మాటలాడునపుడు అధికారి సాధ్యమైనంతవరకు ఖాకీ దుస్తులు ధరింపక సామాన్య వేషముననే యుండవలెనని నియమము. ఎన్నో నియమములలో మా మనసున కెక్కినది యిదియే. ఇది వ్రాసినవారికి బిడ్డల భయము తెలిసియుండవలెను!

అయితే బిడ్డను విడిపించుటతో పని ముగిసెనా? మంచి సమరయుని కథ మన బాలు రందఱు ఎఱిగినదే. అతడు గాయపడినవానికి కట్లు కట్టి యూరకుండలేదు. పూటకూళ్లవానికి సొమ్మిచ్చి, తరువాతి దినములకు గూడ ఏర్పాటు చేసెను. ఇంటికి పంపబడిన బిడ్డ, ఆ యింట అన్నము లేనపుడు, మరల నే కార్ఖానాకో చేరును. ఈ సంగతి ఇటుకబట్టీలలో మిక్కిలి స్పష్టముగా గనబడును.

పశ్చిమ ఒడిషాలోని బలాంగీరు, నువాపడా, కలహండి జిల్లాల పేదకుటుంబములు పంటకోతలు ముగియగానే దళారుల యొద్ద బయానా పుచ్చుకొని మన ప్రాంతపు బట్టీలకు వచ్చును. వేయి యిటుకల కింత యని కూలి. కనుక ఎన్ని చేతులున్న అంత లాభము. తండ్రి మట్టి కలుపును, తల్లి అచ్చు వేయును, బిడ్డ పచ్చి యిటుకలను ఎండకు త్రిప్పి పెట్టును. వేసవి చివర వఱకు నిదే పని. ఆ యేటి చదువు అంతటితో సరి. దగ్గఱలో బడి యున్నను అచ్చట చెప్పునది తెలుగు. బిడ్డకు వచ్చినది ఒడియా.

2016లో రాచకొండ పోలీసు కమీషనరేటు ఏర్పడగా, కమీషనరుగా నియమింపబడిన మహేశ్ భగవత్ గారు ఈ చిక్కును గుర్తించిరి. వెట్టి బాధితులను విడిపించుటతో తృప్తిపడక, స్వచ్ఛంద సంస్థల తోడ్పాటుతో, బట్టీ యజమానులచేతనే వసతి కల్పింపజేసి, పనిస్థలముల యొద్దనే బడులు తెఱపించిరి. ఒడియా తెలిసిన ఉపాధ్యాయులు వచ్చిరి. ఒడియా పుస్తకములు వచ్చినవి. స్వభాషలో నేర్చిన బిడ్డ తిరిగి స్వగ్రామమునకు పోయినపుడు తన తరగతిలో కూర్చుండగలుగును గదా! వెట్టిని, మనుష్యుల క్రయవిక్రయములను అరికట్టుటలో చేసిన కృషికి 2017లో అమెరికా ప్రభుత్వము భగవత్ గారిని గౌరవించెను.

బడి పెట్టుట ఉపాధ్యాయుల పని గాని పోలీసువారి పని యగునా యని కొందఱడుగవచ్చును. దయగల ఉపాధ్యాయుడు ఒంటరిగా పోయినచో బట్టీవాడు తలుపు తీయకపోవచ్చును. 1976 నాటి వెట్టిచాకిరి నిషేధ చట్టమును, పదునాలుగేండ్ల లోపు బిడ్డను పనిలో నుంచరాదను చట్టమును చేతబట్టిన అధికారి పోయి, "శిక్ష మాట తరువాత, ముందు బడి కొక పాక వేయుడు" అన్నచో తీయును. దయకు అధికారము తోడైనపుడు కలుగు ప్రయోజన మిదియే. దుప్పట్లు పంచి ఛాయాచిత్రము తీయించుకొను దానమునకును దీనికిని చాల భేదము గలదని మా యభిప్రాయము.

లోపములు లేకపోలేదు. జనవరి, జూలై మాసములలో మాత్రమే ఆకలి యుండదు. బయానా అప్పు తీరని యింటి బిడ్డ బడికి వచ్చినను, సాయంకాలము ఇటుకలయొద్దకే పోవును. కూలి పెరుగుట, అప్పు తగ్గుట పోలీసువారి చేతిలోనివి కావు.

ఎక్కడనైన బిడ్డ పనిలో నుండగా చూచినవారు 1098 అను సంఖ్యకు టెలిఫోను చేయవచ్చును. అందుకు రుసుము లేదు. వానలు పడగానే బట్టీలు చల్లారును, కుటుంబములు రైలెక్కును. మరల కోతలైన పిమ్మట అవే రైళ్లు క్రొత్త పిల్లలను దింపును. అప్పటికి పాకలు సిద్ధముగా నుండవలెను.