వడ్డీ లేని వెలుగు

ఎండ అల్లాహ్ అనుగ్రహం. దానిని విద్యుత్తుగా మలచుకోదలచిన కుటుంబం ముందుగా ఏడాది కరెంటు బిల్లులను పరిశీలించాలి. ఒక కిలోవాట్ సోలార్ ప్యానెళ్లు రోజుకు సుమారు 4 యూనిట్లు ఇస్తాయి. వాటికి నీడ పడని 100 చదరపు అడుగుల డాబా అవసరం. నెలకు 200 యూనిట్లు వాడే ఇంటికి 2 కిలోవాట్లు చాలు.

2024లో ఆరంభమైన పీఎం సూర్యఘర్ పథకం 2 కిలోవాట్లకు రూ. 60,000 రాయితీ ప్రకటించింది. అయితే అది ప్యానెళ్లు అమర్చిన తరువాతే ఖాతాలో జమవుతుంది. అసలు పరీక్ష ఇక్కడే. చేతిలో సొమ్ము చాలనివారికి వడ్డీ రుణం సులువుగా తోస్తుంది. దివ్యఖుర్ఆన్ నిషేధించిన వడ్డీతో ఇంటికి వెలుగు తెచ్చుకోవడం విశ్వాసికి తగునా? స్తోమతను బట్టి ఒక కిలోవాట్‌తోనే ఆరంభించవచ్చు. లేదా ఆత్మీయుల వద్ద ఖర్జె హసనా తీసుకొని, రాయితీ అందగానే ఆ మేరకు తీర్చవచ్చు. ఆ బాకీని, గడువును సాక్షుల ఎదుట వ్రాసుకోవాలి. ఇదీ ఖుర్ఆన్ నేర్పిన పద్ధతే.