పన్నెండేండ్లు మూలకు పడ్డ టిల్లరు

తోటల్లో తిరిగే చిన్న ట్రాక్టరును మన దిక్కు అందరూ టిల్లరు అనే అంటారు. రెండే చక్రాలు. ముందర ఇంజను, వెనుక మట్టిని తిప్పే కత్తులు. పెద్ద ట్రాక్టరు లెక్క పైనెక్కి కూర్చునేది కాదు, రెండు పిడులు పట్టుకొని దాని వెంట నడవాలి. వంకాయ సాళ్ల మధ్య, దానిమ్మ చెట్ల మధ్య పెద్ద బండి దూరని చోట ఇది దూరుతుంది. బెంగళూరులో వి.ఎస్.టి. వాళ్లు జపాన్ మిత్సుబిషి వాళ్లతో కలిసి 1967లో కంపెనీ పెట్టారు. వాళ్లవే శక్తి టిల్లర్లు. కేరళలో కామ్‌కో వాళ్లు కుబోటా పద్ధతిలో చేసినవి ఇంకో రకం. సోలాపూర్ చుట్టుపక్కల ఊళ్లల్లో నేను చూసిన పాతవన్నీ ఈ రెండింటిలో ఏదో ఒకటి. ఇప్పుడు చెప్పేది ఒక పాత శక్తి టిల్లరు సంగతి.

అది మా చెల్లె వాళ్లది. బావ నాతోనే మిల్లులో పని చేసినాడు. మిల్లు మూతబడ్డాక, లెక్క తేలినప్పుడు వచ్చిన పైసలతో చాలామంది ఇండ్లు కట్టుకున్నారు, కొందరు నాలుగు పవర్లూములు పెట్టుకున్నారు. బావ మాత్రం దక్షిణ సోలాపూర్ తాలూకాలో ఎకరంన్నర నల్లభూమి కొన్నాడు. దానిమ్మ పెట్టినాడు. తేల్యా రోగం వచ్చి చెట్లన్నీ పోయినాయి, పీకేసి కూరగాయలకు దిగినాడు. టిల్లరును అప్పుడు సెకండ్ హ్యాండులో తెచ్చినాడు. ఆయన పోయిన తర్వాత దాన్ని ఎవరూ ముట్టలేదు. షెడ్డు గోడకు ఆనించి పైన తాడిపత్రి కప్పినారు. తాడిపత్రి రెండేండ్లకే చినిగింది. పది వానాకాలాలు అది తడుస్తూనే ఉన్నది.

చేను మాత్రం ఆగదు కదా. ఎడ్ల జత కిరాయికి కావాలంటే మనకు కావలసిన రోజు దొరకదు. పెద్ద ట్రాక్టరు సాళ్లల్లోకి రాదు. కలుపు మనుషులతో తీయిస్తే కూలి పైసలు పంటలో సగం తింటున్నాయి. పక్క చేను ఆయన "నాకు సగం పాలుకు ఇయ్యమ్మా" అని రెండేండ్ల నుంచి అడుగుతున్నాడు. పాలుకు ఇస్తే అది మళ్లీ చేతికి వస్తదా రాదా అని చెల్లెకు భయం. మిరుగం దాకా చూస్తా, ఆ తర్వాత ఇచ్చేస్తా అన్నది.

మేనల్లుడు యూనిఫాంలు కుట్టే కారఖానాలో పని చేస్తాడు. ఒకరోజు వచ్చి, "మామా, భంగారు వాడు టిల్లరుకు పదకొండు వేలు ఇస్తానంటున్నడు. ఇచ్చేముందు నువ్వు ఒకసారి చూస్తవా?" అని అడిగినాడు. కొత్తది రెండు లక్షలకు అటూ ఇటూ ఉంటుంది. ఇది నాలుగు క్వింటాళ్ల ఇనుము. చెల్లె మాట వేరే ఉన్నది. "అన్నా, చూడాలనుకుంటే చూడు గని దాని మీద ఇంకో రూపాయి పెట్టొద్దు. ఆయన ఉన్నప్పుడే చాలా తిన్నది అది" అన్నది.

నేను జాబరును. నాలుగో తరగతితో బడి ఆగింది, పదహారో ఏట నుంచి మగ్గాల కిందనే ఉన్నాను. డీజిల్ ఇంజను మెకానిక్కును కాదు గాని, తిరిగేది ఏదైనా ఎక్కడ ఆగిందో చూడటం తెలుసు. ఉగాది అయినంక మొదలుపెట్టినాం, వాడి సెలవు రోజుల్లో, సాయంత్రాల్లో.

చూడగానే తెలిసింది, హ్యాండిల్ తిరగదు. ఇంజను పట్టేసింది. సైలెన్సరు నోరు పైకి ఉన్నది, దాంట్లోంచి వాన నీళ్లు దిగినాయి. ఇట్లాంటప్పుడు పొడుగు పైపు వేసి నలుగురు కలిసి హ్యాండిలు లాగుతారు. అట్ల చేస్తే రింగులు విరుగుతాయి, లేదా కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. భంగారుకు పోయే టిల్లర్లలో సగం ఈ లాగుడుతోనే పోతాయని నా నమ్మకం.

మేము ముందు పాత ఆయిలు, డీజిలు, నీళ్లు అన్నీ దించేసినాం. ఈ ఇంజనులో సిలిండరు నిలబడి ఉండదు, పడుకొని ఉంటుంది. నూనె పోస్తే కింది సగానికే అంటుతుంది, పై సగం తుప్పు అట్లనే ఉంటది. అందుకని పిడులు నేలకు ఆనేటట్టు వంచి, ముందు భాగం కింద రాళ్లు పెట్టి లేపినాం. నాజిల్ ఊడదీసి ఆ రంధ్రంలోంచి డీజిలు, ఇంజను ఆయిలు కలిపి పోసి తొమ్మిది రోజులు వదిలేసినాం. మధ్య మధ్యలో కొంచెం పోస్తూ ఉన్నాం. పదో రోజు హెడ్డు ఊడదీసి, పిస్టను మీద వేపచెక్క పెట్టి చిన్న సుత్తితో తట్టినాం. ఒకడు తడుతుంటే ఇంకొకడు ఫ్లైవీలును ముందుకు ఒక వెంట్రుక, వెనక్కు ఒక వెంట్రుక కదిలించాలి. ఒకే దిక్కు బలం పెట్టొద్దు. గంటన్నరకు కదిలింది. మేనల్లుడు ఎగిరినాడు గాని, నేను చేతులు తుడుచుకొని చాయ్ తాగినాను, ఎందుకంటే అసలు ఖర్చు అప్పుడే మొదలవుతది.

లైనరు తీసి చూస్తే, రింగులు ఇన్నాళ్లు నిలబడిన చోట గుంటలు పడ్డాయి. దాన్ని రుద్ది వాడటానికి లేదు. లైనరు, పిస్టను, రింగులు కలిపి కిట్టు కొన్నాం. లైనరు బయటి దిక్కు నీళ్లు ఆడే చోట తుప్పూ సున్నపు పెచ్చూ వేలు మందం పేరుకున్నాయి. మా దిక్కు బోరు నీళ్లు గట్టివి. అదంతా గీకి తీయకుండా కొత్త లైనరు వేస్తే ఇంజను వేడెక్కుతుంది, కొత్తది కూడా పాడవుతుంది. లైనరుకు ఉండే రబ్బరు రింగులకు సబ్బునీళ్లు రాసి మెల్లగ దించాలి, మడత పడిందంటే నీళ్లు ఆయిల్లోకి పోతాయి. పిస్టను రింగుల నోళ్లు అన్నీ ఒకే వరుసలోకి రాకుండా తిప్పి పెట్టాలి.

వాల్వులకు పేస్టు పెట్టి రుద్దే పని మేనల్లుడికి ఇచ్చినాను. రుద్దినంక సీటు మీద సన్నని బూడిద రంగు గీత చుట్టూ తెగకుండా రావాలి. హెడ్డును తిప్పిపెట్టి వాల్వు సందులో కిరసనాయిలు పోసి చూసినాం. ఒకదాంట్లో చుక్క కారింది, మళ్లీ రుద్దించినాను. వాడికి విసుగు వచ్చింది. కుట్టేటప్పుడు కుట్టు తప్పితే విప్పుతవా లేదా అన్నాను.

నాజిల్ దగ్గర చిక్కు వచ్చింది. ఒక దుకాణంలో పంపు మొత్తం మార్చాలి అన్నారు, చెప్పిన ధర వింటే టిల్లరే అమ్మాలనిపించింది. అక్కల్‌కోట్ రోడ్డు ఎం.ఐ.డి.సి. దిక్కు ఇంకో ముసలాయన మిషను మీద పెట్టి పరీక్ష చేసినాడు. డీజిలు మంచు లెక్క విడిపోవాలి, నాజిల్ కిర్రుమనాలి. మాది ధార కడుతున్నది. ఆయన నాజిల్ ఒక్కటే మార్చినాడు, పంపు బాగున్నదని అట్లనే పంపించినాడు. అందుకే చెప్తున్నా, మిషను మీద చూపించకుండా ఎవరు పంపు మార్చమన్నా మార్చొద్దు.

బెల్టుల పని నాకు ఇంటి పని లాంటిది. ఇంజను నుంచి క్లచ్ పుల్లీకి మూడు బెల్టులు. మూడూ ఒకేసారి మార్చాలి. ఒకటి కొత్తది రెండు పాతవి వేస్తే బరువంతా కొత్తదే మోసి అది ముందు తెగుతుంది. రెండు పుల్లీలు ఒకే వరుసలో ఉన్నాయా అని చూడటానికి మగ్గం దగ్గర చేసినట్టే నూలు దారం ఒకటి గట్టిగ లాగి రెండు పుల్లీల మొహాలకు ఆనించినాను. గోరంత తేడా ఉంటే ఇంజను బోల్టులు వదులు చేసి జరిపినాం.

కత్తులు పాతవి అరిగి సగం అయినాయి. కొత్తవి వేసేటప్పుడు ఎడమ దిక్కు వంగినవి, కుడి దిక్కు వంగినవి వేరువేరుగా పెట్టుకోవాలి. కలగలిస్తే దున్నిన చేను గుంటలు గుంటలుగా ఉంటది, పిడులు చేతులను పీకుతాయి. రంగు వేయలేదు. మేనల్లుడు ఎర్ర రంగు డబ్బా తెచ్చుకున్నాడు, అది ఇంకా షెడ్డులోనే ఉన్నది.

మొదలు పెట్టే రోజు టాంకీ నుంచి ఫిల్టరు, ఫిల్టరు నుంచి పంపు, ఒక్కొక్క చోట స్క్రూ వదులు చేసి గాలి బుడగలు పోయేదాకా డీజిలు కారనిచ్చినాం. గాలి మిగిలితే ఎంత తిప్పినా పలకదు. ఇగ హ్యాండిలు. దీన్ని చదివే పిల్లలకు చెప్పవలసిన మాట, బొటనవేలును హ్యాండిలు చుట్టూ తిప్పి పట్టొద్దు, నాలుగు వేళ్ల దిక్కే ఉంచాలి. ఇంజను వెనక్కు తన్నితే హ్యాండిలు చేతిలోంచి జారిపోవాలి. చుట్టి పట్టుకుంటే వేలు విరుగుతుంది, మణికట్టు కూడా. డికంప్రెషన్ లీవరు ఎత్తిపట్టి తిప్పి, జోరు రాగానే వదిలేస్తే మూడోసారికి పలికింది. ముందు తెల్ల పొగ, తర్వాత కొద్దిగా నీలం, పావుగంటకు పొగ కనబడకుండా పోయింది. నీలం పొగ తగ్గకపోతే ఆయిలు కాలుతున్నట్టు. నల్ల పొగ అయితే గాలి జాలీ కడగాలి, లేదా బరువు ఎక్కువైంది.

చప్పుడు విని చెల్లె వంటింట్లోంచి వచ్చి గడప దగ్గర నిలబడ్డది. ఏమీ అనలేదు. కొంచెంసేపు అయినంక, "దీని చప్పుడు ఇట్ల ఉండకపోయేది, టక్ టక్ అని ఇంకొకటి వచ్చేది" అన్నది. ఆమె చెప్పింది నిజమే. కొత్త పిస్టను వేసినాక ఆ టక్ టక్ పోయింది.

ఖర్చు పద్దెనిమిది వేల చిల్లర. మిల్లు పింఛను ఎంత వస్తుందో ఈ పత్రిక చదివేవాళ్లకు నేను చెప్పనక్కర లేదు. సగం నేను వేసినాను, సగం మేనల్లుడు బోనసులోంచి వేసినాడు. చెల్లె ఒక రూపాయి ఇయ్యలేదు, ముందే చెప్పింది కదా.

మిరుగానికి నాలుగు రోజుల ముందు చేలో దించినాం. మొదటి వాన పడ్డ మరునాడే దున్నుదామని మేనల్లుడు తొందర పెట్టినాడు. నల్లమట్టి తడిగా ఉన్నప్పుడు దిగితే చక్రాలకు ముద్దలు కట్టి బండి కూర్చుంటది. పదును రావాలి, మరాఠీ వాళ్లు వాపసా అంటారు. మూడు రోజులు ఆగినాం. వాడికి తిప్పటం నేర్పేటప్పుడు ఒకటే పదిసార్లు చెప్పినాను. సమానమైన నేలమీద ఎడమ లీవరు నొక్కితే ఎడమకు తిరుగుతుంది. నిట్రమైన దిగుడులో ఇంజను బండిని ఆపుతుంటే, బండి చక్రాలను తోస్తుంటది, అప్పుడు అదే లీవరు నొక్కితే కుడికి పోతుంది. కాలువ గట్ల మీద టిల్లర్లు బోల్తా పడేది ఇక్కడే. దిగుడులో లీవరు ముట్టకుండా పిడులతోనే తిప్పాలి. చొక్కా వేలాడకుండా, లుంగీ కట్టకుండా రావాలి. కత్తుల మీద రేకు మూత లేకపోతే పని మొదలే పెట్టొద్దు.

మూడో గేరు మాత్రం ఇంకా జారుతున్నది. లోపల ఫోర్కు అరిగింది, కొత్తది దొరకలేదు. పాత సామాన్ల దుకాణాల్లో వెతుకుతున్నాం. అప్పటిదాకా రెండో గేరులోనే నడుస్తది, కలుపుకు అది చాలు.

పాలుకు అడిగిన పక్క చేను ఆయన ఇప్పుడు కిరాయికి అడుగుతున్నాడు. సెలవు రోజు మేనల్లుడు ఆయన చేలో, ఇంకా ఇద్దరి చేలల్లో తిప్పి వస్తాడు. డీజిలు వాళ్లది, గంటకు ఇంత అని చెల్లె రేటు కట్టింది. ఆమె ఒక నోటుబుక్కు పెట్టి లెక్క రాస్తున్నది. మొదటి పేజీలో మా ఇద్దరి పద్దెనిమిది వేలు అప్పు కింద రాసి పెట్టింది. పోయిన నెల దాంట్లోంచి పన్నెండు వందలు నా చేతిలో పెట్టి, తీసుకోకపోతే భంగారు వాడిని పిలుస్తా అన్నది.