శునకాలకు మత్తుమందు: బరువు ఒక్కటే కొలమానం కాదు

సూరత్ వంటి నగరంలో శునకాలకు శస్త్రచికిత్సలు రెండు చోట్ల జరుగుతుంటాయి. జంతు జనన నియంత్రణ నిబంధనలు-2023 ప్రకారం వీధి కుక్కలకు చేసే సంతాన నిరోధక శస్త్రచికిత్స ఒకటి. పెంపుడు జాతి కుక్కలకు క్లినిక్‌లలో చేసేది మరొకటి. వీధి కుక్కల శిబిరాలలో జైలజీన్, కెటమిన్ కలిపి ఇవ్వడం మన దేశంలో పరిపాటి. ఖర్చు తక్కువ, ఇంజెక్షన్‌తోనే పని జరుగుతుంది. అయితే బరువు చూసి అదే మోతాదును ప్రతి జాతికీ ఇవ్వడం ప్రమాదకరం.

పగ్‌నే తీసుకుంటే, దాని ముక్కు రంధ్రాలు ఇరుకు, అంగిలి పొడవు. మత్తులో కండరాలు సడలగానే ఊపిరి దారి మూసుకుపోవచ్చు. అందుకే మత్తుకు ముందే కొన్ని నిమిషాలు ఆక్సిజన్ ఇచ్చి, ఆపై శ్వాసనాళంలోకి గొట్టం అమరుస్తారు. ఇతర కుక్కలకు మింగే కదలిక మొదలవగానే గొట్టం తీస్తారు. పగ్‌కు మాత్రం అది తల ఎత్తి, గొట్టాన్ని సహించలేని దాకా ఉంచుతారు. ఈ జాతి వేడినీ తట్టుకోలేదు. సూరత్ వేసవి ఉక్కలో అత్యవసరం కాని శస్త్రచికిత్సను తెల్లవారుజామునే పెట్టుకోవడం మేలు.

గ్రేహౌండ్ కష్టం వేరు. ఒంట్లో కొవ్వు తక్కువ, పైగా థయోపెంటోన్ వంటి మందులను కాలేయం నెమ్మదిగా విచ్ఛిన్నం చేస్తుంది. ఫలితంగా మెలకువ గంటల తరబడి ఆలస్యమవుతుంది. అదే శరీర నిర్మాణం గల ముధోల్, కారవాన్ వేటకుక్కలకూ ప్రొపొఫాల్ వంటి త్వరగా దిగిపోయే మందే క్షేమం.

కోలీ జాతిలో ఎండీఆర్-1 అనే జన్యులోపాన్ని 2001లో గుర్తించారు. లోపమున్న కుక్కలలో కొన్ని మందులు మెదడులోకి ఎక్కువగా చేరతాయి. ఎసిప్రోమజీన్, బ్యూటార్ఫనాల్ మోతాదు తగ్గించాలి. జర్మన్ షెపర్డ్‌లలోనూ కొన్నింటికి ఈ లోపం ఉంటుంది. బాక్సర్‌కు ఎసిప్రోమజీన్ ఇస్తే రక్తపోటు పడిపోయి స్పృహ తప్పవచ్చు. డాబర్‌మన్‌కు గుండె పరీక్ష, రక్తం గడ్డకట్టే తీరు ముందుగా చూడాలి.

బ్రిటన్‌లో జరిపిన విస్తృత అధ్యయనం ఫలితాలు 2008లో వెలువడ్డాయి. మత్తు వల్ల కుక్కలు మరణించే ముప్పు 0.17 శాతమని తేలింది. ఆరోగ్యవంతమైన వాటిలో అది 0.05 శాతం మాత్రమే. శస్త్రచికిత్స అనంతర మరణాలలో దాదాపు సగం తొలి మూడు గంటలలోనే సంభవించాయి. మత్తు దిగుతున్నప్పుడు కుక్క పక్కన ఎవరుంటారో, ఎంతసేపుంటారో యజమానులు క్లినిక్‌లో ముందే అడిగి తెలుసుకోవాలి.