పాత అల్యూమినియం మోటారు పడవను ఇంటి వద్ద పునరుద్ధరించడం: సూత్రాలు, పద్ధతి, జాగ్రత్తలు

ఉత్తర అమెరికాలోని సరస్సుల ప్రాంతాలలో 12 నుంచి 16 అడుగుల పొడవు గల చిన్న అల్యూమినియం మోటారు పడవలు విరివిగా కనిపిస్తాయి. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో విమానాల తయారీ కోసం అభివృద్ధి చెందిన అల్యూమినియం రేకు, రివెట్ల పరిజ్ఞానం యుద్ధానంతరం పడవల తయారీకి మళ్లింది. విమానాలు నిర్మించిన గ్రమ్మన్ సంస్థ 1945లో అల్యూమినియం కనోల ఉత్పత్తిని ప్రారంభించింది. మిన్నెసోటా రాష్ట్రంలో 1948లో మొదలైన లుండ్ వంటి సంస్థలు చేపల వేటకు అనువైన పడవలను అందించాయి. ఆనాటి పడవలు కొన్ని దశాబ్దాల తరువాత నేటికీ ఇళ్ల వెనుక పెరళ్లలో, షెడ్లలో పడి ఉన్నాయి. వాటిని స్వయంగా బాగుచేసుకొని తిరిగి నీటిలోకి దించడం అక్కడి గృహస్థులకు ఒక ప్రీతిపాత్రమైన వ్యాసంగం.

ఇటువంటి పడవలలో సాధారణంగా లోహం కంటే ముందుగా దానితో జతపడిన కలప, ఫోమ్, రబ్బరు, సీలు పదార్థాలు చెడిపోతాయి. పైకి దృఢంగా కనిపించే పడవలో మోటారును మోసే చెక్క కుళ్లి ఉండవచ్చు. తేల్చవలసిన ఫోమ్ నీటితో నిండి ఉండవచ్చు. ఈ రెండు లోపాలూ ఒడ్డున ఉన్నంతసేపు బయటపడవు, నడి నీటిలో బయటపడితే ప్రాణహాని కలుగుతుంది. అందువలన పునరుద్ధరణను రంగులు వేసే పనిగా కాక, దాగిన లోపాలను వెలికితీసే పరీక్షగా భావించవలసి ఉంటుంది.

అల్యూమినియం స్వభావం

అల్యూమినియం రసాయనికంగా చురుకైన లోహం. అయినప్పటికీ గాలి సోకిన వెంటనే దాని ఉపరితలంపై కొన్ని నానోమీటర్ల మందం గల ఆక్సైడ్ పొర ఏర్పడి లోపలి లోహాన్ని కాపాడుతుంది. గీత పడినా ఆ పొర తిరిగి ఏర్పడుతుంది. ఇనుముపై తుప్పు పెచ్చులుగా ఊడిపోగా, ఈ పొర లోహాన్ని గట్టిగా అంటిపెట్టుకొని ఉంటుంది. మంచినీటిలో తిరిగే పడవకు రంగు లేకపోయినా చాలాకాలం మన్నడానికి ఇదే కారణం.

ఈ పొర సుమారు 4 నుంచి 8.5 వరకు గల ఉదజని సూచిక పరిధిలో స్థిరంగా ఉంటుంది. అంతకంటే ఆమ్లత్వం గానీ, క్షారత్వం గానీ పెరిగితే కరుగుతుంది. ఆమ్ల నేలలలో అల్యూమినియం కరిగి పైరు వేళ్లకు విషతుల్యం కావడం, సున్నం వేసి దానిని అదుపు చేయడం వ్యవసాయ విద్యార్థులకు పరిచితమైన విషయమే. నేలలో వేళ్లను దెబ్బతీసే రసాయన స్వభావమే పడవలో రేకు పలుచబడటానికి కారణమవుతుంది.

రెండవ శత్రువు క్లోరైడ్. ఉప్పునీటిలోని క్లోరైడ్ అయాన్లు ఆక్సైడ్ పొరను అక్కడక్కడ ఛేదించి సూది మొన వంటి గుంటలను ఏర్పరుస్తాయి. మూడవది వేరొక లోహంతో స్పర్శ. తడి సమక్షంలో రెండు భిన్న లోహాలు తాకినపుడు చిన్న విద్యుత్ ఘటం ఏర్పడి, చురుకైన లోహం క్షయిస్తుంది. పడవ అడుగున తడిలో చిక్కుకున్న ఒక రాగి నాణెం ఆ చోట రేకుకు రంధ్రం చేయగలదు.

ఈ క్షయంలో వైశాల్యాల నిష్పత్తి కీలకమైనది. పెద్ద అల్యూమినియం రేకులో చిన్న స్టెయిన్‌లెస్ స్టీలు బోల్టు ఉన్నపుడు క్షయం విశాలమైన ఉపరితలంపై పంచబడి నెమ్మదిగా సాగుతుంది. పెద్ద స్టీలు పలకలో చిన్న అల్యూమినియం రివెట్టు ఉంటే ఆ రివెట్టు త్వరగా నశిస్తుంది. కరిగిన రాగి లవణాల విషయం మరింత ప్రమాదకరం. రాగి అయాన్లు అల్యూమినియంపై సూక్ష్మ కణాలుగా పేరుకొని, ప్రతి కణమూ ఒక క్షయ కేంద్రంగా మారుతుంది.

మొదటి మెట్టు: విప్పి పరీక్షించడం

మోటారు, సీట్లు, నేల పలకలు, ఫోమ్ తొలగించిన తరువాతనే పడవ అసలు స్థితి తెలుస్తుంది. విప్పే ముందు ప్రతి భాగాన్ని ఫొటో తీసి, బోల్టులను విడివిడిగా గుర్తుపెట్టి ఉంచాలి. పాత నేల పలకలను పారవేయక, కొత్తవి కోయడానికి కొలతలుగా వాడుకోవాలి.

ఈ పడవలలో రేకు మందం సాధారణంగా 1.3 నుంచి 2.5 మి.మీ. వరకు ఉంటుంది. అడ్డపట్టీలు రేకును కలిసే చోట్ల, వెనుక మూలలలో, ట్రెయిలర్ ఆనిన చోట్ల పగుళ్ల కోసం నిశితంగా చూడాలి. తెల్లని పొడి పేరుకున్న చోట దానిని తుడిచి గుంట లోతు పరిశీలించాలి. ఒకటి రెండు గుంటలు బాగుచేయదగినవే. అడుగంతటా లోతైన గుంటలు వ్యాపించినా, అడ్డపట్టీలు అనేక చోట్ల విరిగినా ఆ పడవను విడనాడటమే వివేకం. అల్యూమినియాన్ని తిరిగి కరిగించి వాడటానికి ముడి ఖనిజం నుంచి తీయడానికి పట్టే శక్తిలో సుమారు 5 శాతం సరిపోతుంది. కనుక తుక్కుకు పంపినా లోహం వృథా కాదు.

కారు చోట్లు గుర్తించడానికి ఖాళీ పడవను ఎత్తుగా నిలిపి లోపల నీరు పోసి, వెలుపల చెమ్మ కనిపించిన ప్రతి రివెట్టునూ సుద్దతో గుర్తించాలి. నీటి బరువును ముందే లెక్కించాలి. 3 చదరపు మీటర్ల అడుగు వైశాల్యంపై 10 సెం.మీ. లోతు నీరు 300 లీటర్లు, అనగా 300 కిలోలు. తగిన ఆనికలు లేకుండా నింపితే రేకు వంగి, పరీక్షయే నష్టం కలిగిస్తుంది.

రివెట్లు, పగుళ్లు

వదులైన గట్టి రివెట్టును ఇద్దరు కలిసి బిగించాలి. ఒకరు వెలుపల తలపై బరువైన ఉక్కు దిమ్మను ఆనించి పట్టుకోగా, మరొకరు లోపలి కొనను సుత్తితో కొట్టాలి. రంధ్రం పెద్దదైతే పాత రివెట్టును తొలచి, ఒక పరిమాణం పెద్దదైన దానిని సీలు పదార్థంతో కలిపి అమర్చాలి. లోపలి వైపు చేయి పట్టని చోట మూసిన కొన గల పాప్ రివెట్లను మాత్రమే వాడాలి. సాధారణ పాప్ రివెట్టు మధ్య భాగం గుల్లగా ఉండి నీటికి దారి ఇస్తుంది.

అతుకులకు పాలీయురేథేన్ జాతి మెరైన్ సీలెంట్ అనువైనది. సిలికాన్ పూసిన చోట తరువాత రంగు పట్టదు, దాని ఆనవాళ్లను పూర్తిగా తొలగించడమూ కష్టం.

పగులును అతికే ముందు దాని రెండు కొనల వద్ద చిన్న రంధ్రం తొలిస్తే పగులు ముందుకు పాకదు. వెల్డింగ్ పని నిపుణులకు అప్పగించడం మేలు. అల్యూమినియం 660 డిగ్రీల సెల్సియస్ వద్ద కరుగుతుంది, దానిపై ఆక్సైడ్ పొర కరగడానికి 2000 డిగ్రీలు దాటాలి. పైపొర కరగకముందే లోపలి లోహం జారిపోవడం అనుభవం లేనివారికి తరచు ఎదురయ్యే విఫలత. వేడి తగిలిన పరిసర భాగం కొంత బలం కోల్పోతుంది. కనుక అనేక సందర్భాలలో అదే జాతి రేకు ముక్కను రివెట్లతో అతకడం మెరుగైన మార్గం.

వెనుక పలక

మోటారును మోసే వెనుక గోడలో రెండు రేకుల మధ్య ప్లైవుడ్ పలక ఉంటుంది. మోటారు బరువు, దాని తోపుడు బలం రెండూ ఈ పలకపైనే పడతాయి. బోల్టు రంధ్రాల గుండా చేరిన నీరు లోపలే నిలిచి చెక్కను కుళ్లబెడుతుంది. మోటారును పట్టుకొని వెనుకకు, ముందుకు ఊపినపుడు గోడ కదిలినా, స్క్రూడ్రైవర్ కొన చెక్కలోకి సులభంగా దిగినా పలకను మార్చవలసినదే.

ఇక్కడ ఎక్కువమంది చేసే పొరపాటు ఒకటి ఉన్నది. కుళ్లకుండా ఉంటుందన్న ఆశతో రసాయన శుద్ధి చేసిన కలపను వాడుతారు. అమెరికాలో 2003 చివరి నుంచి గృహ అవసరాల కలపలో ఆర్సెనిక్ కలిసిన పాత రసాయనాన్ని మానివేసి, రాగి అధికంగా గల మిశ్రమాలను ప్రవేశపెట్టారు. తడిసినపుడు ఆ రాగి వెలువడి, ఆనుకొని ఉన్న అల్యూమినియాన్ని తినివేస్తుంది. చెక్క నిలిచి, పడవ నశిస్తుంది. దీనికి బదులు శుద్ధి చేయని మెరైన్ ప్లైవుడ్‌ను కోసి, అంచులకు, రంధ్రాలకు ఎపాక్సీని పలు దఫాలుగా పట్టించాలి.  ప్లైవుడ్‌లో సంరక్షక రసాయనాలతో శుద్ధి చేసిన రకాలు ఉంటాయి కనుక రాగి లేదని నిర్ధారించుకోవాలి. బోల్టులు 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలువి అయి ఉండి, సీలెంట్‌లో ముంచి, ప్లాస్టిక్ వాషర్లతో బిగించాలి.

తేలుడు సామర్థ్యం

నీటితో నిండిన పడవ కూడా మునగకుండా సీట్ల కింద, నేల కింద ఫోమ్ ఉంచుతారు. ఎంత ఫోమ్ కావాలో ఒక ఉదాహరణతో తెలుసుకోవచ్చు. 150 కిలోల అల్యూమినియం పడవ, సాంద్రత 2.7 చొప్పున, 56 లీటర్ల నీటిని తొలగిస్తుంది. కనుక నీటిలో దాని బరువు సుమారు 94 కిలోలు. మోటారు 35 కిలోలు, బ్యాటరీ 20 కిలోలు కలిపితే 149 కిలోలు. ఘనపు మీటరుకు 32 కిలోల బరువు గల ఫోమ్ లీటరుకు సుమారు 0.97 కిలోలను తేల్చగలదు. కావలసినది దాదాపు 154 లీటర్లు. ఇది పడవ మునగకుండా ఉండటానికి మాత్రమే. దానిని పట్టుకొని వేలాడే మనుషుల కోసం అదనంగా చేర్చాలి.

ఆ ఫోమ్‌లో సగం నీటితో నిండితే రెండు నష్టాలు ఒకేసారి కలుగుతాయి. దాదాపు 75 కిలోల నీరు, అనగా ఒక పెద్దమనిషి బరువు, ఎల్లప్పుడూ పడవలో ఉంటుంది. ఆపదలో తేల్చే శక్తి సగానికి తగ్గుతుంది. పాత ఫోమ్‌ను కోసి, పిండి చూసి, తడి ఉంటే పూర్తిగా మార్చాలి. పాలీస్టైరీన్ ఫోమ్ చవకైనా పెట్రోలు తగిలితే కరుగుతుంది. పాలీయురేథేన్ ఫోమ్ పెట్రోలును తట్టుకుంటుంది. ఫోమ్ కింద నీరు పారే దారిని మూసివేయరాదు.

ఉపరితలం, పూత

పాత రంగును తొలగించడానికి కాస్టిక్ సోడా వాడరాదు. అది లోహాన్ని కరిగించి హైడ్రోజన్ వాయువును వెలువరిస్తుంది. సాధారణ ఇనుప బ్రష్షు ఇనుప రేణువులను లోహంలో నాటి కొత్త క్షయానికి బీజం వేస్తుంది. నైలాన్ రాపిడి ప్యాడ్లు సురక్షితం. పాత పూతలలో సీసం, క్రోమేట్ ఉండవచ్చు కనుక పొడిగా రుద్దక, తడిపి రుద్దాలి. మాస్కు తప్పనిసరి. సన్నని అల్యూమినియం ధూళి మండే స్వభావం గలది. ఇనుము నూరిన యంత్రంపైనే అల్యూమినియం నూరడం ప్రమాదకరం.

శుభ్రపరచిన అదే రోజున, ఆక్సైడ్ పొర మందం పెరగకముందే, అల్యూమినియానికి తగిన ప్రైమర్ పూయాలి. నాచు పట్టకుండా వాడే రాగి ఆధారిత రంగులు అల్యూమినియం పడవకు పూర్తిగా నిషిద్ధం.

మోటారు

పడవపై బిగించిన సామర్థ్య ఫలకం సూచించిన హార్స్‌పవర్‌ను, బరువును మించరాదు. పాత అవుట్‌బోర్డు మోటారులో నీటి పంపు రబ్బరు ఇంపెల్లర్, ఇంధన గొట్టాలు, స్పార్క్ ప్లగ్గులు మార్చాలి. గేరు నూనె పాలవలె తెల్లబడి ఉంటే సీలు గుండా నీరు చేరినట్లు గ్రహించాలి. ఇథనాల్ కలిసిన పెట్రోలు తేమను పీల్చుకుంటుంది, పాత రబ్బరును చెరుపుతుంది. కనుక నెలల తరబడి ట్యాంకులో నిల్వ ఉంచరాదు. చల్లదనానికి నీరు అందకుండా మోటారును కొద్దిసేపు కూడా నడపరాదు. నీటి పీపాలో ఉంచి, ఆరుబయట పరీక్షించాలి. త్యాగ లోహపు ముక్క మంచినీటికి మెగ్నీషియం, ఉప్పునీటికి జింకు లేదా అల్యూమినియం మిశ్రమం అయి ఉండాలి.

వ్యవసాయ, ఆక్వా రంగాలకు అన్వయం

ఈ సూత్రాలు పడవలకే పరిమితం కావు. కోస్తా జిల్లాల చెరువులలో అల్యూమినియం పడవ వాడదలచినవారు ఆ నీటిలో తాము కలిపే పదార్థాలను గుర్తుంచుకోవాలి. సున్నం నీటి క్షారత్వాన్ని పెంచుతుంది. నాచు నివారణకు చల్లే మైలుతుత్తం రాగి లవణమే. బ్లీచింగ్ పౌడరు క్లోరిన్‌ను, రొయ్యల చెరువు ఉప్పునీరు క్లోరైడ్‌ను అందిస్తాయి. ఈ బస్తాలను పడవలో తడిలో నిల్వ ఉంచరాదు. చల్లిన వెంటనే పడవను మంచినీటితో కడగాలి. అల్యూమినియం స్ప్రింక్లర్ పైపులను ఎరువుల, సున్నపు బస్తాల పక్కన పేర్చడం కూడా ఇటువంటి తప్పిదమే. బోర్డో మిశ్రమంలో ఇనుప కత్తిని ముంచి, రాగి పూత పడుతున్నదో లేదో చూసే పరీక్షను ప్రతి విద్యార్థీ చేసి ఉంటాడు. ఆ కత్తిపై కనిపించే ఎర్రని పూతయే శుద్ధి చేసిన కలప పక్కన అల్యూమినియం రేకుకు పొంచి ఉన్న ముప్పు.

ముగింపు

పునరుద్ధరణ పూర్తయిన పడవను మొదట ఒడ్డుకు దగ్గరగా, లోతు తక్కువ నీటిలో, లైఫ్ జాకెట్లు ధరించి పరీక్షించాలి. గంటసేపు నిలిపి చేరిన నీటిని కొలవాలి, మోటారును వివిధ వేగాలలో నడిపి వెనుక గోడ కదలికను గమనించాలి. తరువాత ఏటేటా వెనుక పలకను, ఫోమ్‌ను తనిఖీ చేయాలి. కొత్త రంగు పడవకు అందాన్ని ఇస్తుంది. దానిలో కూర్చున్నవారిని ఒడ్డుకు చేర్చేది మాత్రం రంగు కింద కనిపించని పొడి చెక్క, పొడి ఫోమ్, బిగువైన రివెట్లు.