మొదట లేచేది నిద్రించినవారే
(వాక్యభాగము: 1 థెస్సలొనీకయులకు 4:13–18)

ఈ దినము ప్రభువు రాకడను, విశ్వాసుల పునరుత్థానమును గూర్చి ధ్యానిద్దాము.

హాలహర్వి దగ్గర ఒక గ్రామములో ప్రార్థన ముగించి వస్తుండగా ఒక సహోదరి నన్ను ఆపింది. భార్యాభర్తలిద్దరూ సుగ్గికి గుంటూరు వైపు మిరపకోతకు పోయారు. అక్కడ భర్త జ్వరముతో చనిపోతే అక్కడే సమాధి చేసి, ఈమె పిల్లలతో తిరిగి వచ్చింది. "అయ్యగారూ, బూర ఊదినప్పుడు మా ఊరి సమాధుల్లో వాళ్లంతా ఒక్కచోట లేస్తారు. మా ఆయన ఆడ ఒక్కడే లేస్తాడా?" అని అడిగింది.

థెస్సలొనీక సంఘము దుఃఖము కూడా ఇటువంటిదే. పౌలు అక్కడ మూడు విశ్రాంతి దినములు సమాజమందిరములో బోధించాడు, అల్లరి లేచింది, సహోదరులు రాత్రివేళ ఆయనను పంపివేశారు. తరువాత విశ్వాసులలో కొందరు చనిపోయారు. ప్రభువు రాకముందే పోయారే, ఆ దినమున వీరు వెనుకబడిపోతారేమో అని మిగిలినవారి భయము. సుమారు క్రీ.శ. 50లో పౌలు వారికి జవాబు వ్రాశాడు. సజీవులు ముందు కాదు, క్రీస్తునందు మృతులైనవారే మొదట లేస్తారు. ఆ తరువాతనే బ్రతికియున్నవారు వారితో కూడ ఎత్తబడతారు.

గమనించండి, ఈ వచనములు తేదీ లెక్కించుటకు వ్రాసినవి కావు, సమాధి దగ్గరనుండి ఇంటికి వచ్చినవారిని ఆదరించుటకు వ్రాసినవి. 2011 మే 21న సంఘము ఎత్తబడునని అమెరికాలో హెరాల్డ్ క్యాంపింగ్ అను రేడియో బోధకుడు ప్రకటించాడు. ఆ దినము గడచిపోయింది. మరుసటి సంవత్సరము తన తప్పు ఒప్పుకున్నాడు. రేడియోలో మాటలాడే నావంటివారికి అది హెచ్చరిక. ఆ దినము కుమారుడు కూడా ఎరుగడని మార్కు 13:32లో ఉండగా, మనమెంత!

17వ వచనములో ప్రభువును ఎదుర్కొనుట అని ఉన్నది. గ్రీకులో ఆ మాట 'అపాంతేసిస్'. పెండ్లికుమారునికి ఎదురువెళ్లిన కన్యకల ఉపమానములో అదే మాట. అపొస్తలుల కార్యములు 28:15లోనూ అదే. రోమా సహోదరులు సుమారు 65 కిలోమీటర్ల దూరముననున్న అప్పీయా సంతపేట వరకు వచ్చి పౌలును వెంటబెట్టుకొని పోయారు. పెండ్లిలో ఎదురుకోలు చూచిన మనకు ఇది వేరే చెప్పాలా? మేళతాళాలతో ఊరంతా కదులుతుంది. శ్రమలకు ముందా, తరువాతా అని మన సంఘములలో వాదము ఉన్నది. సెమినరీలో మేమూ వాదించుకున్నాము. కాని ఆ సహోదరి నన్ను అడిగినది అది కాదు.

"అమ్మా, ఎదురుకోలుకు ఎవరూ ఒంటరిగా పోరు. వారితో కూడ అని పౌలు వ్రాశాడు. ఏ ఊరి మట్టిలో ఉన్నా పిలుపు ఒక్కటే" అన్నాను.

ఆమె కొంచెముసేపు ఊరకుండి, "నన్ను గుర్తుపడతాడా?" అన్నది. లేచిన ప్రభువును మగ్దలేనే మరియ మొదట తోటమాలి అనుకున్నది. పేరుపెట్టి పిలిచినప్పుడు గుర్తుపట్టింది. యోహాను 20వ అధ్యాయములోని ఆ భాగము వచ్చే వారము చూద్దాము.