నల్ల పలక మీద అమ్మ బొమ్మ

కరవు సీమలో నవ్వులుండవా? జడ వేసే అమ్మ, ముద్ద తినిపించే అవ్వ బొమ్మకు పనికిరారా? ఎందుకు పనికిరారూ అంటున్నారు కొందరు చిత్రకారులు... ఆఫ్రికాలోనూ, మన తెలుగునాటా!

పలకా బలపం చేతికిస్తే చాలు, అక్షరాలకన్నా ముందు బొమ్మలే గీస్తారు పిల్లలు. గుండ్రటి మొహం, పెద్ద బొట్టు, పొడుగాటి జడ... ఇంకెవరు, అమ్మే! అలాంటి పలకలకు పెట్టింది పేరు మార్కాపురం. చుట్టుపక్కల గనుల్లో తవ్విన రాయి పలకగా మారి ఎన్నో తరాలతో 'అ ఆ'లు దిద్దించింది. నోటుపుస్తకాలు వచ్చాక దాని గిరాకీ తగ్గింది.

మార్కాపురం, గిద్దలూరు అంటే పేపర్లో కనిపించే ఫొటోలు వేరు. నెర్రెలిచ్చిన చేలు, ట్యాంకరు దగ్గర బిందెల వరస, మూటాముల్లె సర్దుకుని వలసపోయే కుటుంబాలు. అవన్నీ నిజాలే. కానీ అదే ఊళ్లో పొద్దువాలే వేళ ఓ అమ్మ కూతురికి జడ వేస్తుంటుంది. అరుగుమీద అవ్వ మనవడికి సంగటి ముద్ద తినిపిస్తుంటుంది. ఆ ఫొటో ఎవరూ తీయరు!

మమ్మల్ని మేం చూసుకుంటే...

ఆఫ్రికాదీ ఇదే బాధ. టీవీల్లో ఆ ఖండమంటే ఆకలి, అంతర్యుద్ధమే. అందుకు జవాబా అన్నట్టు 2022 నవంబరులో కేప్‌టౌన్‌లోని జైట్స్ మ్యూజియంలో ఓ చిత్రప్రదర్శన మొదలైంది. పేరు 'వెన్ వుయ్ సీ అస్'. మమ్మల్ని మేం చూసుకుంటే... అని. నల్లజాతి చిత్రకారులు వందేళ్లలో గీసిన మనుషుల బొమ్మలవి. రోజువారీ బతుకు, విశ్రాంతి, వేడుక... ఒక్కోదానికీ ఒక్కో విభాగం. దీనికి సారథ్యం వహించిన కోయో కువో 2025లో కన్నుమూశారు.

నైజీరియాలో 1983లో పుట్టిన ఎన్జిదేకా అకున్యిలి క్రాస్‌బీ గీసేదీ ఇంటినే. తల్లి డోరా నకిలీ మందులపై పోరాడిన అధికారిణి. కూతురి బొమ్మల్లో భోజనాల బల్లలు, కూర్చునే గదులు ఉంటాయి. దగ్గరికెళ్లి చూస్తే ఆ గోడల్లో, నేలలో కుటుంబ ఆల్బమ్ ఫొటోలు, పత్రికల్లోని బొమ్మలు అచ్చై కనిపిస్తాయి. అంటే ఇల్లంతా జ్ఞాపకాలే!

బూరుగుపల్లి అమ్మ

మన దగ్గర ఆ పని చేసింది తోట వైకుంఠం. 1942లో పాత కరీంనగర్ జిల్లా బూరుగుపల్లిలో పుట్టారు. హైదరాబాద్‌లో చిత్రకళ చదివి, బరోడాలో కె.జి.సుబ్రమణ్యన్ దగ్గర మెలకువలు నేర్చారు. చివరికి కుంచె మాత్రం సొంతూరి బాటే పట్టింది. నల్లని మేను, నుదుటిన పెద్ద బొట్టు, ముక్కుపుడక, ఎర్రటి చీర... ఆయన బొమ్మల్లోని ఆ నిండైన మనిషికి ప్రేరణ చిన్ననాడు చూసిన అమ్మే! తెలంగాణ పల్లెలూ కరవు ఎరిగినవే. అయినా ఆ ఆడవాళ్లు జాలి అడగరు. పక్కింటావిడతో ముచ్చట్లాడుతూ దర్జాగా కూర్చుంటారు. క్యాలెండర్లలోని తెల్లటి అందగత్తెలకు అలవాటుపడ్డ కళ్లకు నలుపులోని కళను చూపించారాయన. 'దాసి' సినిమాకు కళాదర్శకుడిగా జాతీయ అవార్డూ అందుకున్నారు.

బొమ్మ వాన కురిపించదు, బావి నింపదు. కానీ బయటివాళ్లు చూడని మన ఇంటిని మనకు చూపిస్తుంది. అటకమీద పాత పలక ఉంటే ఓసారి దించండి. తడిగుడ్డతో తుడిచి పిల్లల చేతికివ్వండి. మొదట ఎవరి బొమ్మ గీస్తారో మీరే చూద్దురుగాని!