గాజుగోడకు తుప్పు చిక్కు

న్యూయార్కు నగరమున పార్కు ఎవెన్యూలోని లీవర్ హౌస్ 24 అంతస్తుల కార్యాలయ భవనము. 1952లో పూర్తియైన ఈ కట్టడమునకు రూపకల్పన చేసినది గోర్డన్ బన్‌షాఫ్ట్. ఇందు అంతస్తుల బరువును లోపలి ఉక్కు స్తంభములు మోయును. వెలుపలి ఆకుపచ్చని గాజుగోడ తన బరువునే గాని అంతస్తుల బరువును మోయదు. తెరవలె భవనమును కప్పియుండును.

కాలక్రమమున పలకల సందులగుండ వాననీరు లోనికి దిగి, చట్రములోని ఉక్కు తుప్పుపట్టెను. ఇనుము నీటితోను ఆక్సిజనుతోను కలిసి తుప్పుగా మారునపుడు దాని ఘనపరిమాణము పెరుగును. ఆ ఒత్తిడికి గాజుపలకలు పగిలినవి.

1982లో నగర స్మారక కట్టడముల సంరక్షణ సంఘము దీనిని రక్షిత కట్టడముగా ప్రకటించెను. కావున 2001 ప్రాంతమున గాజుగోడనంతయు మార్చినప్పుడు వెలుపలి రూపును, రంగును మునుపటివలెనే నిలిపిరి. లోపల కనబడని చోట ఉక్కు చట్రమునకు బదులు అల్యూమినియము అమర్చిరి.

పురాతనమైన రాతి ఆలయమును బాగుచేయునపుడు పాతరాతిని వీలైనంతవరకు కాపాడుదురు. తుప్పుపట్టు ఉక్కు, పగులు గాజు విషయమున అది అన్నివేళల సాధ్యము కాదు. అట్టిచోట ముందుతరములకు అందవలసినది కట్టడపు రూపకల్పనయే యని లీవర్ హౌస్ తెలుపుచున్నది.